ఫ్రెంచి ఇంటిపేరు పుట్టుకను, నేటి విస్తరణను పరిశోధించడం ఎలా: ‘లెఫెవ్ర్’ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఒక ఫ్రెంచి ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎక్కడెక్కడ ఉంది అని అడిగేవారు నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపి అడుగుతుంటారు. ఆ మాట ఏ భాషారూపం నుంచి వచ్చిందన్నది మొదటి ప్రశ్న. అది ఏ ప్రాంతంలో, ఏ కాలంలో తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించే ఇంటిపేరుగా గట్టిపడిందన్నది రెండోది. ఫలానా కుటుంబానికి అది ఎప్పుడు దక్కిందన్నది మూడోది. మొదటిదానికి నిఘంటువు చాలా వరకు జవాబు చెబుతుంది. రెండోదానికి గణాంకాలతో తయారైన పటం కావాలి. మూడోదానికి పాత రిజిస్టర్లు తప్ప వేరే దారి లేదు. ఈ మూడింటినీ విడివిడిగా పట్టుకోకపోతే, ఎంత శ్రమపడినా చివరికి మిగిలేది ఊహే.

ఈ పద్ధతిని వివరించడానికి నేను ఎంచుకున్న పేరు లెఫెవ్ర్. ఫ్రాన్సులో అత్యధికంగా వినిపించే మొదటి ఇరవై ఇంటిపేర్లలో ఇది ఒకటి. దీనికి అర్థం ‘కమ్మరి’. మధ్యయుగాల్లో నాగలికి కర్రు చేసినా, తలుపుకు గడియ చేసినా ఊళ్లో ఆ పని ఒకరిద్దరి చేతుల్లోనే ఉండేది కనుక, ఒకే పేరున్న పదిమంది మధ్య ఒకరిని గుర్తించడానికి ‘కమ్మరి జాన్’ అనడం తేలిక. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని వందలాది ఊళ్లలో ఈ పేరు విడివిడిగా పుట్టింది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదన్న సంగతి ఈ పేరు విషయంలో తెలిసినంత స్పష్టంగా మరి దేని విషయంలోనూ తెలియదు.

మొదటి దశ: పేరుకున్న అన్ని రాతరూపాలనూ సేకరించండి

వెతుకులాట మొదలుపెట్టే ముందే రూపాల పట్టిక ఒకటి రాసుకోవాలి. లెఫెవ్ర్ విషయంలో ఇది తప్పనిసరి. పలుకుబడి ఒకటే అయినా రాతలో కనీసం రెండు ప్రధాన రూపాలున్నాయి. ఒకదానిలో (Lefebvre) ‘వి’ అక్షరానికి ముందు పలకని ‘బి’ ఉంటుంది. రెండోదానిలో (Lefèvre) ఆ ‘బి’ ఉండదు, దాని బదులు ‘ఇ’ మీద స్వరచిహ్నం కనిపిస్తుంది. ఇవి రెండూ ఫ్రాన్సులో బాగా వ్యాపించిన పేర్లే.

ఈ ‘బి’ ఎలా వచ్చిందో తెలిస్తే పాత రిజిస్టర్లు చదవడం సులువవుతుంది. లాటిన్‌లో కమ్మరిని ‘ఫాబెర్’ అంటారు. ప్రాచీన ఫ్రెంచిలో అది ‘ఫెవ్ర్’ అయింది. ఆనాటి చేతిరాతలో ‘యు’, ‘వి’ అనే రెండు అక్షరాలకు తేడా లేదు కాబట్టి, ఆ మాటను చూసినవారు ‘ఫెవ్ర్’ అనీ చదవవచ్చు, ‘ఫెయూర్’ అనీ చదవవచ్చు. ఇక్కడ హల్లు ఉందని సూచించడానికీ, లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికీ లేఖకులు మధ్యలో ‘బి’ చేర్చారు. దాని ఫలితం వాళ్లు కోరుకున్నదానికి విరుద్ధంగా కూడా పరిణమించింది. కొన్ని కుటుంబాల్లో తర్వాతి తరాలవారు ఆ ‘బి’నే పలికి, పక్కన ఉన్నదాన్ని అచ్చుగా చదివారు. ‘లెఫెబ్యూర్’ అనే మూడో రూపం అలా పుట్టింది. అంటే లెఫెబ్యూర్ అనే కుటుంబం వేరే మూలం నుంచి వచ్చింది కాదు. రాతను చదవడంలో వచ్చిన తేడా ఒక కొత్త ఇంటిపేరైంది.

పట్టికలో వీటితోపాటు ముందున్న ‘ల’ అనే ఉపపదాన్ని (ఇంగ్లీషు ‘ది’ వంటిది) విడదీసి రాసిన రూపాలనూ, ఉపపదం లేని ‘ఫెవ్ర్’నూ చేర్చండి. ఈ చివరిది బుర్గుండి, షాంపేన్ ప్రాంతాల్లో కనిపిస్తుంది. 1877లో కుటుంబ పుస్తకం, అంటే ఫ్రెంచివారు ‘లివ్రే ద ఫామీయ్’ అనేది, వాడుకలోకి వచ్చేవరకు ఒకే ఇంటి అన్నదమ్ముల పేర్లు రెండు రకాలుగా నమోదు కావడం మామూలే. తండ్రి పెళ్లి రిజిస్టరులో ‘బి’ ఉండి, కొడుకు జనన నమోదులో అది లేనంత మాత్రాన వారు వేర్వేరు కుటుంబాలవారని తీర్మానించకూడదు.

సైట్లలో వెతికేటప్పుడు స్వరచిహ్నాలున్న రూపం, లేని రూపం రెండూ ప్రయత్నించాలి. అమెరికా జనగణన సూచికల్లో సౌండెక్స్ అనే ధ్వని సంకేతం వాడతారు. అందులో మొదటి అక్షరాన్ని ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలు ఇస్తారు. బి, ఎఫ్, వి మూడింటికీ ఒకటే అంకె, పక్కపక్కన ఉంటే ఒకసారే లెక్క. ఆ లెక్కన ‘బి’ ఉన్న రూపమైనా, లేనిదైనా, లెఫెబ్యూర్ అయినా సంకేతం ఎల్116 అవుతుంది. కాబట్టి ఆ మూడింటికీ ఒక్క వెతుకులాట సరిపోతుంది. కానీ అమెరికాలో మారిపోయిన ‘లఫేవ్’ రూపానికి ఎల్110 వస్తుంది, దాన్ని వేరుగా వెతకాలి.

రెండో దశ: అర్థాన్ని నిర్ధారించుకుని, ఇతర ప్రాంతాల సోదర రూపాలను గుర్తించండి

ఫ్రెంచి ఇంటిపేర్ల వ్యుత్పత్తికి ఆల్బెర్ దోజా 1951లో వెలువరించిన నిఘంటువు, ఆ తర్వాత మరీ తెరెజ్ మోర్లే 1991లో ప్రచురించిన నిఘంటువు ప్రామాణికంగా చెలామణి అవుతున్నాయి. ‘వంశ చిహ్నాలు’ అమ్మే సైట్లలో కనిపించే గొప్ప కథలను పక్కన పెట్టి, కనీసం రెండు గట్టి ఆధారాలు ఏకీభవించాకే అర్థాన్ని రాసుకోండి.

అర్థం ఒకటే అయినా ఫ్రాన్సులో మాండలికాన్ని బట్టి పేరు మారుతుంది. పరిశోధకుడికి దొరికే అతి విలువైన ఆధారం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. ఉత్తరాన, అంటే నోర్, పా-ద-కలే, సోమ్ డిపార్ట్‌మెంట్లలోనూ (ఇవి మన జిల్లాల వంటి పాలనా విభాగాలు) నార్మండీలోనూ పేరు ముందు ఉపపదంతో ‘లెఫెవ్ర్’ కనిపిస్తుంది. తూర్పున ఫ్రాంష్-కోంతేలో, ముఖ్యంగా దూ, ఒత్-సోన్ ప్రాంతాల్లో అదే మాట ‘ఫేవ్ర్’ అవుతుంది. దీని మధ్యలో ‘ఎ–ఐ’ అనే రెండచ్చుల జంట రాస్తారు. సవోయ్‌లోనూ, ఫ్రెంచి మాట్లాడే స్విట్జర్లాండ్‌లోనూ ‘ఫావ్ర్’ అంటారు. దోఫినే, లిమూజాఁ ప్రాంతాల్లో ‘ఫోర్’ కనిపిస్తుంది. అవెరోఁ, ఎరో, తార్న్ వంటి దక్షిణ డిపార్ట్‌మెంట్లలో లాటిన్ ‘బి’ని ఇంకా పలుకుతూ ‘ఫాబ్ర్’ అంటారు. పిరెనే పర్వతాల వైపు ఆరియేజ్‌లో ‘ఫోరే’ ఉంది. సంగీతకర్త గాబ్రియెల్ ఫోరే 1845లో పుట్టిన పామియే ఆ డిపార్ట్‌మెంట్‌లోనిదే. కీటక శాస్త్రవేత్త జాన్-ఆన్రీ ఫాబ్ర్ 1823లో అవెరోఁలోని సాఁ-లెయోఁలో జన్మించాడు. ఈ ఇద్దరి ఇంటిపేర్లూ పుట్టిన ప్రాంతాలకు సరిగ్గా సరిపోతాయి.

వేరే భాషలు మాట్లాడిన ప్రాంతాల్లో కమ్మరికి వేరే మాటలున్నాయి. బ్రిటనీలో ‘ల గోఫ్’ అంటారు, దాని ముద్దురూపం ‘ల గోఫిక్’. ఆల్సాస్‌లో ‘ష్మిట్’ అంటారు. కటలాన్ మాట్లాడే పిరెనే-ఓరియాంతాల్‌లో ‘ఫెర్రే’ వినిపిస్తుంది. ఇవన్నీ అర్థంలో తోబుట్టువులే గానీ, వంశంలో కావు. ‘మరేషాల్’, లొరేన్‌లో దాని రూపమైన ‘మార్షాల్’ గుర్రాలకు లాడాలు కొట్టేవారి పేర్లు కాబట్టి వాటిని మరో గుంపుగా ఉంచండి. ‘లాఫోర్జ్’ వృత్తిని కాక, కొలిమి ఉన్న చోటును చెబుతుంది.

నేటి ఫ్రెంచిలో కమ్మరిని ‘ఫోర్జ్‌రోఁ’ అంటారు. అయినా ఆ మాట ఇంటిపేరుగా చాలా అరుదు. ఎందుకంటే ఆ మాట వాడుకలో పాతదాన్ని తోసిపుచ్చేనాటికి ఇంటిపేర్లు అప్పటికే గట్టిపడ్డాయి. రోజువారీ భాషలోంచి పోయిన ‘ఫెవ్ర్’ ఇంటిపేర్లలో మిగిలిపోయింది. ‘ఓర్ఫెవ్ర్’ (కంసాలి) అనే మాటలో మాత్రం అది ఇప్పటికీ జీవించి ఉంది. ఇలా ఒక పేరులోని మాట ఎప్పుడు వాడుక తప్పిందో చూస్తే, ఆ పేరు అంతకంటే ముందే పుట్టి ఉండాలని, అంటే పుట్టిన కాలానికి ఒక పై హద్దు దొరుకుతుంది.

మూడో దశ: చట్టాల కాలక్రమాన్ని దగ్గర పెట్టుకోండి

ఫ్రాన్సులో ఇంటిపేర్లను 1539 నాటి విల్లేర్-కోత్రే శాసనం తప్పనిసరి చేసిందని చాలా చోట్ల రాస్తారు. అది సరికాదు. ఆ శాసనం బాప్తిస్మాల రిజిస్టరు ఉంచాలని చర్చి పూజారులను ఆదేశించింది, న్యాయపత్రాలు ఫ్రెంచిలో రాయాలని చెప్పింది. ఇంటిపేర్లు అంతకు శతాబ్దాల ముందే, సుమారు పదకొండో శతాబ్దం నుంచి నెమ్మదిగా రూపుదిద్దుకున్నాయి. శాసనం చేసింది వాటిని కాగితం మీద నిలబెట్టడం. 1579 నాటి బ్లువా శాసనం పెళ్లిళ్లను, ఖననాలను కూడా నమోదు చేయమంది. 1667 నుంచి రిజిస్టరుకు రెండు ప్రతులు తప్పనిసరి అయ్యాయి. ఒకటి చర్చిలో, ఒకటి న్యాయస్థానంలో ఉండేవి. ఒక ప్రతి కాలిపోయిన ఊళ్లలో రెండో ప్రతి మనల్ని కాపాడుతుంది.

1792 సెప్టెంబరు 20న నమోదు బాధ్యత చర్చి నుంచి పురపాలక కార్యాలయాలకు మారింది. 1794 ఆగస్టు 23 నాటి చట్టం జనన నమోదులో ఉన్న పేరు తప్ప మరొకటి వాడరాదని శాసించింది. ఈ చట్టానికి ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. ఫ్రెంచి రికార్డుల్లో స్త్రీ తన పుట్టింటి పేరుతోనే మరణం వరకు నమోదవుతుంది. పెళ్లయ్యాక భర్త పేరుతో పిలిచినా, అది వాడుక పేరే. అమ్మమ్మ మరణ నమోదును తాతయ్య ఇంటిపేరు కింద వెతికితే దొరకకపోవడానికి కారణం ఇదే. 1803 ఏప్రిల్ 1 నాటి చట్టం అధికారికంగా పేరు మార్చుకునే దారిని ఏర్పరచింది. 2005 జనవరి 1 నుంచి బిడ్డకు తల్లి పేరునైనా, తండ్రి పేరునైనా, రెండింటినీ కలిపైనా ఇవ్వవచ్చు. 2022 జూలై 1 నుంచి పెద్దవారు తల్లి లేదా తండ్రి ఇంటిపేరుకు మారడం ఇంకా సులువైంది. అందుచేత ఈ ఇటీవలి జననాల్లో ఇంటిపేరును తండ్రి వరసకు గుర్తుగా తీసుకోకూడదు.

నాలుగో దశ: నేటి విస్తరణ పటాన్ని తయారుచేయండి

ఇందుకు ప్రధాన ఆధారం ఫ్రెంచి జాతీయ గణాంక సంస్థ ఇన్సే సిద్ధం చేసిన ఇంటిపేర్ల ఫైలు. దాని ఆధారంగా జియోపాట్రోనిమ్ అనే సైటు ఒక పేరుతో పుట్టినవారి సంఖ్యను డిపార్ట్‌మెంట్ల వారీగా నాలుగు కాలాల్లో చూపుతుంది. ఆ కాలాలు 1891–1915, 1916–1940, 1941–1965, 1966–1990. నాలుగు పటాలనూ విడివిడిగా తీసుకుని పక్కపక్కన పెట్టండి. అన్నిటికంటే పాతది మూలప్రాంతానికి దగ్గర, అన్నిటికంటే కొత్తది వలసకు దగ్గర.

ఆ అంకెలు చెప్పేదేమిటో కచ్చితంగా తెలిసుండాలి. అవి నివాసాన్ని కాదు, పుట్టిన చోటును చెబుతాయి. 1972కు ముందే చనిపోయినవారు చాలామంది ఇందులో లేరు కాబట్టి మొదటి కాలం అంకెలు అసలుకంటే తక్కువగా ఉంటాయి. అందువల్ల 1891–1915 సంఖ్యను 1966–1990 సంఖ్యతో పోల్చి ‘పేరు పెరిగింది’ అనకూడదు. ఒకే కాలంలో డిపార్ట్‌మెంట్లను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ కాన్పులు ఇంటి నుంచి ఆసుపత్రికి మారాయి గనుక, ఊరి స్థాయిలో చూస్తే ఆసుపత్రి ఉన్న పట్టణమే పెద్దగా కనిపిస్తుంది. చివరి కాలానికి ఊరి స్థాయి పటం గీయకపోవడమే మేలు.

తర్వాత చేయాల్సిన పని చాలామంది వదిలేస్తారు. సంఖ్యను అలాగే పటం మీద పెడితే, ఏ పేరుకైనా పారిస్, నోర్ పెద్ద చుక్కలుగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ జనాభా ఎక్కువ. అందుచేత ఆ కాలంలో ఆ డిపార్ట్‌మెంట్‌లో జరిగిన మొత్తం జననాలతో భాగించి, పదివేల జననాలకు ఎంతమంది అన్న నిష్పత్తి తీయాలి. లెక్క కోసం అనుకుందాం: ఒక డిపార్ట్‌మెంట్‌లో 8,00,000 జననాల్లో 2,400 మంది, మరో చిన్న డిపార్ట్‌మెంట్‌లో 2,00,000 జననాల్లో 1,000 మంది ఈ పేరుతో పుట్టారు. మొదటిదానికి పదివేలకు 30, రెండోదానికి 50 వస్తుంది. సంఖ్యలో వెనుకబడిన చిన్న డిపార్ట్‌మెంటే పేరుకు బలమైన ఇల్లు. పారిస్ నిష్పత్తి ఎంత వచ్చినా దాన్ని మూలంగా తీసుకోకండి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి చేరారు.

లెఫెవ్ర్ పటం చదివేటప్పుడు మరో విషయం గుర్తుండాలి. ఈ పేరు దట్టంగా ఉన్న ఉత్తర ఫ్రాన్సే మొదటి ప్రపంచ యుద్ధ రణరంగం. 1914 నుంచి వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి దేశం లోపలి ప్రాంతాలకు తరలిపోయాయి, వారి పిల్లలు అక్కడే పుట్టారు. కాబట్టి మొదటి రెండు పటాల్లో దక్షిణాన కనిపించే విడి చుక్కలన్నీ పాత స్థానిక శాఖలని భావించకూడదు.

పటానికి తోడుగా ఇన్సే మరణాల ఫైలు వాడుకోవచ్చు. 1970 నుంచి చనిపోయినవారి పుట్టిన ఊరు, మరణించిన ఊరు అందులో పక్కపక్కనే ఉంటాయి, అది అందరికీ ఉచితం. ఒక పేరు గలవారందరినీ ఒక పట్టికలో చేర్చి, పుట్టిన డిపార్ట్‌మెంట్‌ను నిలువు వరుసలోనూ మరణించిన డిపార్ట్‌మెంట్‌ను అడ్డు వరుసలోనూ పెట్టి లెక్కిస్తే, జనం ఎటు కదిలారో కళ్లకు కడుతుంది. ప్రచురించేటప్పుడు మొత్తాలనే ఇవ్వండి, వ్యక్తుల వివరాలు వద్దు.

దేశం సరిహద్దు దగ్గర పటం ఆగిపోకూడదు. లెఫెవ్ర్ బెల్జియంలోని ఎనో ప్రాంతంలో కూడా మామూలు పేరే. అక్కడి గణాంక సంస్థ స్టాట్‌బెల్ ఇంటిపేర్ల వివరాలు విడుదల చేస్తుంది. నోర్, ఎనో రెండింటినీ ఒకే పటంలో చూస్తేనే ఆ గుత్తి ఆకారం తెలుస్తుంది. ఫావ్ర్ వెతికేవారు స్విట్జర్లాండ్ ఇంటిపేర్ల సూచికను చూడాలి. 1962 నాటికి ఏ ఊరి పౌరసత్వం ఏ కుటుంబానికి ఉందో అందులో నమోదై ఉంది.

ఐదో దశ: ఒక కుటుంబాన్ని పట్టుకుని వెనక్కి నడవండి

ప్రముఖుల జన్మస్థలాలను బట్టి పేరు మూలం తేల్చాలన్న ఆకర్షణకు లోనుకావద్దు. చరిత్రకారుడు జార్జ్ లెఫెవ్ర్ 1874లో లిల్‌లో పుట్టాడు, పటంతో ఇది సరిపోతుంది. కానీ నెపోలియన్ కాలపు మార్షల్ ఫ్రాంస్వా-జోసెఫ్ లెఫెవ్ర్ 1755లో ఆల్సాస్‌లోని రూఫాక్‌లో పుట్టాడు. తత్త్వవేత్త ఆన్రీ లెఫెవ్ర్ 1901లో దేశానికి మరో మూలనున్న లాంద్‌లోని అజెమోలో జన్మించాడు. ఆల్సాస్ కమ్మరి ష్మిట్ అవుతాడు, లాంద్ ఉన్న గాస్కనీలో ఈ ఉత్తరాది రూపం పుట్టదు. ఆ ఇద్దరి పేర్లూ అక్కడికి ఎక్కడి నుంచో వలస వచ్చినవేనని పేరు రూపమే చెబుతోంది. దారి ఏమిటన్నది మాత్రం రిజిస్టర్లే చెప్పాలి.

ఫ్రాన్సులో 101 డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటి ఆర్కైవుల సైట్లలో పాత రిజిస్టర్ల చిత్రాలు అత్యధికంగా ఉచితంగానే దొరుకుతాయి. జనన, వివాహ నమోదులు 75 ఏళ్ల తర్వాత అందరికీ తెరుచుకుంటాయి. మరణ నమోదులకు అంత గడువు లేదు. పని క్రమం ఇలా ఉంటుంది. తెలిసిన ఊరి దశవార్షిక సూచికను, అంటే పదేళ్లకొకసారి అక్షరక్రమంలో తయారుచేసిన జాబితాను తెరిచి పేరు, తేదీ పట్టుకోండి. తర్వాత ఆ తేదీకి సంబంధించిన అసలు నమోదుకు వెళ్లండి. పెళ్లి నమోదు అన్నింటికంటే విలువైనది. వధూవరుల పుట్టిన ఊళ్లు, ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు, వృత్తులు, నివాసాలు అందులో ఉంటాయి. దాని నుంచి వరుడి జననానికి, అక్కడి నుంచి అతని తల్లిదండ్రుల పెళ్లికి, ఒక్కొక్క తరంగా వెనక్కి జరుగుతారు. మధ్యలో ఒక తరం దొరకనప్పుడు జంప్ చేయవద్దు. 1836 నుంచి ఐదేళ్లకొకసారి సాగిన జనగణన పేర్ల జాబితాలు ఆ ఖాళీ పూరిస్తాయి. 1871కి బదులు 1872లో లెక్క జరిగిందనీ, 1916లో జరగలేదనీ గుర్తుపెట్టుకోండి.

1793 చివరి నుంచి 1805 చివరి వరకు తేదీలు ఫ్రెంచి విప్లవం తెచ్చిన గణతంత్ర పంచాంగంలో ఉంటాయి. ఫ్రుక్తిదోర్, జెర్మినాల్ వంటి నెలలు చూసి కంగారుపడనవసరం లేదు. తేదీ మార్చే సాధనాలు నెట్‌లో చాలా ఉన్నాయి. పైన చెప్పిన 1794 ఆగస్టు 23 ఆ పంచాంగంలో రెండో సంవత్సరం ఫ్రుక్తిదోర్ 6. మారిన తేదీతోపాటు అసలు తేదీని కూడా రాసి ఉంచండి.

పారిస్ విషయం వేరు. 1871 మే నెలలో కమ్యూన్ (పారిస్‌లో ఏర్పడిన తిరుగుబాటు ప్రభుత్వం) చివరి రోజుల్లో పురపాలక భవనమూ, న్యాయస్థాన భవనమూ రెండూ కాలిపోయాయి. దాంతో 1860కి ముందటి నమోదుల రెండు ప్రతులూ నాశనమయ్యాయి. తర్వాత కుటుంబాలు దాచుకున్న నకళ్ల వంటి ఆధారాలతో సుమారు మూడోవంతు మాత్రమే పునర్నిర్మించారు. పారిస్ పూర్వీకుడి దగ్గర దారి మూసుకుపోతే, అతని సోదరుల రికార్డులు, సైనిక రిజిస్టర్లు, నోటరీ వివాహ ఒప్పందాలు చూడాలి. అతని పుట్టిన ఊరు ఏదో ఒక కాగితంలో బయటపడవచ్చు.

ఇతరులు పెట్టిన వంశవృక్షాలు జెనియానెట్, ఫామిలీసెర్చ్ వంటి సైట్లలో లక్షల కొద్దీ దొరుకుతాయి. వాటిని దారి చూపే సూచనలుగా వాడండి, సాక్ష్యంగా కాదు. అసలు నమోదు చిత్రం మీ కంటితో చూడని తరాన్ని మీ పట్టికలో చేర్చవద్దు. జన్యు పరీక్ష తెప్పించుకోవాలనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఫ్రాన్సులో వంశ విచారణ కోసం వ్యక్తులు సొంతంగా అలాంటి పరీక్ష చేయించుకోవడం చట్టరీత్యా నిషిద్ధం, 3,750 యూరోల వరకు జరిమానా ఉంది.

ఆరో దశ: మధ్యయుగ ఆధారాలను జాగ్రత్తగా చదవండి

చాలా కుటుంబాలకు రిజిస్టర్లు పదిహేడో శతాబ్దం దగ్గర, అదృష్టం బాగుంటే పదహారో శతాబ్దం దగ్గర ఆగిపోతాయి. అంతకు ముందు దొరికేవి పన్ను జాబితాలు, భూస్వాముల కౌలు పత్రాలు. 1292 నాటి పారిస్ పన్ను జాబితా 1837లోనే అచ్చయింది, ఫ్రెంచి జాతీయ గ్రంథాలయపు గాలికా సైటులో చదవవచ్చు. అందులో ‘కమ్మరి’ అన్న మాట తగిలించుకున్నవారు చాలామంది కనిపిస్తారు. కానీ ఆ మాట వృత్తినే చెబుతోందా, ఇంటిపేరుగా మారిందా? దీనికి నమ్మదగిన పరీక్ష ఒకటుంది. పేరులో ‘కమ్మరి’ అని ఉన్న మనిషి పక్కన ‘రొట్టెలు కాల్చేవాడు’ అని వృత్తి రాసి ఉంటే, అక్కడ ఆ మాట ఇంటిపేరైపోయిందని చెప్పవచ్చు. కొడుకు వేరే వృత్తిలో ఉండి తండ్రి పేరే మోస్తున్నట్టు దొరికితే ఇంకా గట్టి సాక్ష్యం. వృత్తి వేరుగా రాసి లేని చోట ‘వృత్తో, ఇంటిపేరో తేలలేదు’ అని రాసుకుని ముందుకు సాగండి. పదిహేను, పదహారో శతాబ్దాల సంధికాలపు మానవతావాది జాక్ లెఫెవ్ర్ పేరు చివర తన సొంత ఊరు ఎతాప్ల్‌ను చేర్చి పిలిచేవారు. ఈ పేరు గలవారు అప్పటికే అంతమంది ఉండబట్టి, గుర్తుపట్టడానికి ఊరిపేరు అవసరమైంది.

ఏడో దశ: సముద్రం దాటిన శాఖలను విడిగా పరిశోధించండి

క్విబెక్‌లో లెఫెవ్ర్ చాలా మామూలు పేరు. అయినా ఒక్క మూలపురుషుడు లేడు. పదిహేడో శతాబ్దంలో వేర్వేరుగా వచ్చిన పలువురు వలసదారుల సంతతి అది. వారిని విడదీయడానికి ‘అలియాస్’ పేర్లు తోడ్పడతాయి. లెఫెవ్ర్ అలియాస్ బులాంజే, లెఫెవ్ర్ అలియాస్ ఆంజే వంటివి అలాంటివే. కాలక్రమంలో ఒక శాఖ మొదటి పేరునూ మరో శాఖ రెండో పేరునూ నిలుపుకుంది. అందుకే ఆంజే అనే ఇంటిపేరు గలవారు లెఫెవ్ర్ సంతతి కావచ్చు. మాంట్రియల్ విశ్వవిద్యాలయపు జనాభా చరిత్ర పరిశోధన కార్యక్రమం క్విబెక్ పాత చర్చి నమోదులను కుటుంబాలుగా కూర్చింది, ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది.

1840–1930 మధ్య సుమారు తొమ్మిది లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు అమెరికాకు, ఎక్కువగా న్యూ ఇంగ్లండ్ మిల్లుల్లో పనికి వెళ్లారు. అక్కడి గుమాస్తాలు విన్నట్టు రాసుకోవడంతో పేరు ‘లఫేవ్’, ‘లఫీవర్’ అయింది. కొన్ని కుటుంబాల్లో ‘బీన్’ అని కూడా మారింది. చిక్కుడు గింజకు ఫ్రెంచి మాట ‘ఫెవ్’ కాబట్టి, చెవికి దగ్గరగా వినిపించిన దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. న్యూ ఇంగ్లండ్‌లో ఫ్రెంచి మూలమున్న ‘బీన్’ కుటుంబం తగిలితే ఈ దారి తప్పక పరిశీలించాలి. అమెరికా విస్తరణకు 2010 జనగణన ఇంటిపేర్ల ఫైలు ఉంది. కనీసం వంద మందికి ఉన్న పేర్లన్నీ అందులో ఉన్నాయి. ప్రతి రూపాన్నీ విడిగా చూసి కూడాలి.

ప్రొటెస్టెంట్ శాఖల దారి వేరు. ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని 1685లో రద్దు చేయడానికి ముందూ తర్వాతా హ్యూగెనోట్లు (ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు) ఇంగ్లండుకు, జర్మన్ రాజ్యాలకు, అమెరికాకు తరలిపోయారు. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ పాల్ట్జ్ భూమి హక్కు 1677లో పొందిన పన్నెండు మంది హ్యూగెనోట్లలో లెఫెవ్ర్‌లు ఉన్నారు. బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభకు 1839 నుంచి 1857 వరకు స్పీకరుగా ఉన్న చార్లెస్ షా-లెఫెవ్ర్ ఇంటిపేరులో రెండో సగం ఇదే.

ఫ్రెంచి వలస భూముల్లో ఇంటిపేరు రక్తసంబంధాన్ని సూచించకపోవచ్చు. 1848 ఏప్రిల్ 27 నాటి శాసనంతో బానిసత్వం రద్దయ్యాక, కరీబియన్ దీవుల్లోనూ రెయూనియన్‌లోనూ విముక్తులైనవారికి అధికారులు ఇంటిపేర్లు కేటాయించారు. మన పక్కనున్న యానాంకు కూడా ఇది కొంత వర్తిస్తుంది. 1881 సెప్టెంబరు 21 నాటి శాసనం ప్రకారం ఫ్రెంచి ఇండియాలోని భారతీయులు తమ సంప్రదాయ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావచ్చు, అలా వచ్చినవారు స్థిరమైన ఇంటిపేరు ఎంచుకోవాలి. పాండిచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అనే పేరు తీసుకున్నది ఇలాగే. యానాంలో గానీ పుదుచ్చేరిలో గానీ ఒక కుటుంబానికి ఫ్రెంచి ఇంటిపేరు కనిపిస్తే, వారి పూర్వీకులు ఫ్రాన్సు నుంచి వచ్చారనే ముందు 1881 తర్వాతి పరిత్యాగ నమోదు ఉందేమో చూడాలి. ఫ్రెంచి ఇండియా జనన మరణ రిజిస్టర్లు ఎక్సాంప్రోవాన్స్‌లోని విదేశీ భూభాగాల జాతీయ ఆర్కైవ్స్ సైటులో ఉన్నాయి.

ఎనిమిదో దశ: ఫలితాన్ని రాసి పెట్టండి

రాసేటప్పుడు మొదట చెప్పిన మూడు ప్రశ్నలకూ మూడు విడి భాగాలు పెట్టండి. మాట అర్థం గురించిన భాగంలో కుటుంబ కథలు రాకూడదు. పటం గురించిన భాగంలో ఏ ఫైలు, ఏ కాలం, ఏ రాతరూపాలను కలిపి లెక్కించారో, నిష్పత్తి ఎలా తీశారో రాయండి. ‘బి’ ఉన్న రూపాన్నీ లేని రూపాన్నీ కలిపితే ఒక పటం, విడిగా పెడితే మరో పటం వస్తాయి. రెండూ ఇవ్వగలిగితే పాఠకుడు తేడాను తానే చూస్తాడు. కుటుంబానికి సంబంధించిన భాగంలో ప్రతి తరం ఎదుటా ఊరి పేరు, రిజిస్టరు సంవత్సరం, నమోదు సంఖ్య, సైటులోని చిత్రం సంఖ్య ఉండాలి. ప్రతి నమోదులో పేరు ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా ఎత్తి రాయండి. మీకు సరైనదిగా తోచిన రూపాన్ని దాని పక్కన వేరే గడిలో ఉంచండి.